పాదలేపము లేని ప్రయాణము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పాఠశాలలో హెచ్చుగా చదివినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులు తిక్కనను, పెద్దనను కూడబలుకుకొని చదువుకొన్నవాడను. కావున పాండిత్యమును నా నుండి ఆశింపవలదు. నేను చదివిన ఒక పర్వతయాత్రను మాత్రము విన్నవింతును.

మనుచరిత్రలోని ప్రవరుని మీరెరుగుదురు. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని హిమాలయమునకు పోయెను. మంచుకు ఆ పసరు కరగిపోగా ఇల్లు చేరు దారి లేక దుఃఖించెను. అట్టి పసరేదియు లేక, మూటలు వీపున మోసికొని ఆ మంచుకొండలనే దాటినవారు ఐదుగురు కలరు.

వారిలో ఎరిక్ షిప్టన్, టిల్మన్ అనువారు ఆంగ్లేయులు. తక్కిన ముగ్గురు షెర్పాలు. 1934 మే మొదలు సెప్టెంబరు వరకు వారు గఢ్వాల్ కొండలలో సంచరించిరి. ఆ కాలమున పెద్ద శిఖరములకు పోవువారు వందలకొలది కూలీలతో దండు వెడలినట్లు వెడలుచుండిరి. వీరి పద్ధతి వేరు. యాత్రకు వలసిన లెక్క యంతయు ఒక లకోటా వెనుక పట్టవలెనని వీరి మతము. లెక్కలు వ్రాయు నాకు ఈ మాట మిక్కిలి నచ్చినది. ఏది తీసికొనిపోవలెనో తెలియుట సులభము. ఏది విడువవలెనో తెలియుటయే కష్టము.

మొదట వారు ఋషిగంగ కనుమ గుండ నందాదేవి చుట్టునున్న లోయను ప్రవేశించిరి. అంతకు ముందు పలువురు యత్నించి విఫలులైన చోటది. పిమ్మట వర్షకాలమున బదరి నుండి కేదారము వైపునకు కొండలమీదుగా పోవ సంకల్పించిరి. పూర్వమొక పూజారి ఒకే దినమున బదరీ కేదారములు రెండింటను అర్చన చేసెడివాడని అచ్చట ఒక ఐతిహ్యము కలదు. ఆ రెండు క్షేత్రములకు నడుమ సరళరేఖగా సుమారు 25 మైళ్లు మాత్రమే. కాని ఆ నడుమనే 23,419 అడుగుల చౌఖంబా శిఖరము నిలిచియున్నది.

సతోపంథ్ హిమానీనదము వెంట ఎక్కి, సుమారు 18,000 అడుగుల ఎత్తున గట్టు దాటిరి. ఆవలి వైపు పగుళ్లువారిన మంచు నిట్టనిలువుగా దిగియున్నది. దిగిన పిమ్మట మరల ఎక్కుట దుష్కరము. ప్రవరుని పసరు కరగినట్లే వీరికిని వెనుక దారి మూసికొనిపోయెను. క్రింద దట్టమైన వెదురడవి, ఎడతెగని వాన, పొంగి పొరలు వాగులు. కొద్ది దినములకని తెచ్చిన పిండి అడుగంటెను. లేత వెదురు మొలకలు ఉడికించి తినిరి. వానికొరకు ఎలుగుబంట్లతో పోటీపడవలసివచ్చెను. తుదకు కేదారము వైపు లోయలోని ఒక పల్లె చేరి ప్రాణములు దక్కించుకొనిరి. ఒక్క దినపు పూజారి కథ వారి అనుభవముతో పొసగలేదు. కాని ఆ కథయే వారిని ఆ దారి పట్టించినది.

షిప్టన్ 1936లో ప్రకటించిన ‘నందాదేవి’ గ్రంథమును నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివి, ఈ వృత్తాంతమును మా తల్లికి వినిపించితిని. బదరీయాత్ర ఆమెకు తీరని కోరిక. అంతయు విని ఆమె ఒక్కటే అడిగినది: “నాయనా, ఆ మూటలు మోసినవారి పేర్లు వ్రాసినాడా?”

“వ్రాసినాడమ్మా. అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్” అంటిని. దొరలును ఆ షెర్పాల తిండియే తినిరనియు, తామును మూటలు మోసిరనియు చెప్పితిని. ఆ అంగ్ థార్కేయే 1950లో అన్నపూర్ణ శిఖరయాత్రలో షెర్పాలకు నాయకుడయ్యెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ గ్రంథాలయము స్థాపించిన యేట, వానలో, రైలుస్టేషను నుండి మొదటి పుస్తకముల కట్టను నెత్తిన పెట్టుకొని ఒకడు నడిచివచ్చెను. తన కంబళి కట్టకు కప్పి తాను తడిసెను. నాటి చిట్టాలో విరాళములిచ్చిన ప్రతివారి పేరును వ్రాసితిని. అతని యెదుట “మోతకూలి” అని మాత్రమే వ్రాసితిని. నేడెంత తలచుకొన్నను ఆ పేరు జ్ఞప్తికి రాకున్నది.

నా లెక్కలో తప్పిన పద్దు అది. సభలో ఎవరికైన తెలిసిన దయచేసి చెప్పుడు. చిట్టా తెచ్చితిని, ఇప్పుడే వ్రాసికొందును.

సెలవు.