బార్ పరీక్ష తప్పిన చెల్లెళ్లకు



లా పట్టా పుచ్చుకొని, అఖిల భారత బార్ పరీక్షలో తప్పిన చెల్లెళ్లతో ఈవేళ నాలుగు మాటలు. "ఇక చాల్లే, ఇంటిపట్టున ఉండు" అనే మాట సరిగ్గా ఇప్పుడే వినబడుతుంది. దానికి తలవంచకండి. ఆడదన్న కారణంతో వకీలు వృత్తికి అడ్డు చెప్పకూడదని 1923లోనే చట్టం వచ్చింది. ఒక్క ఫలితం చూసి ఆ హక్కు వదులుకుంటామా?

ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కనుక తప్పించుకునే దారి లేదు. కాని ఎన్నిసార్లయినా రాయవచ్చు.

మన ఆత్రేయపురంలో పూతరేకు చిరిగితే కుండ పగలగొట్టుకోరు కదా! పిండి జారు, మంట సెగ చూసుకొని మళ్లీ గుడ్డ వేస్తారు. మీరూ అంతే. ఏ చట్టం దగ్గర తడబడ్డారో ముందు రాసుకోండి.

ప్రశ్నలు 100, గడువు మూడున్నర గంటలు. గట్టెక్కడానికి 45 మార్కులు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 40. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు గనుక ఏ ప్రశ్నా వదలొద్దు. వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకాలు వెంట తీసుకెళ్లనిస్తారు. అయితే ఏ సెక్షన్ ఏ పేజీలో ఉందో చేతికి అలవాటు లేకపోతే ఆ పుస్తకం బరువే! 2024 జూలై 1 నుంచి మూడు క్రిమినల్ చట్టాలూ మారాయి, పాత పుస్తకాలు నమ్ముకోకండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. మీ ఆలోచన ఏ భాషలో సాగుతుందో ఆ భాషే ఎంచుకోండి.

రోజూ తెల్లవారుజామున ఒక గంట మీదని ఇంట్లో చెప్పెయ్యండి. ఆ గంటలో పాలపొయ్యి ఇంకొకరు చూసుకుంటారు. ధైర్యంగా రాసి రండమ్మా. సెలవు.