మేనమామ ఇంట పెరిగిన వేంగి



గోదావరి సీమలోని చెల్లూరులో దొరికిన రాగిరేకుల్లో ఒక చిన్న ముచ్చట ఉంది. చోళ చక్రవర్తి మొదటి కులోత్తుంగుడు 1076లో తన కొడుకు రాజరాజ ముమ్మడి చోడుణ్ణి వేంగి ఏలుకొమ్మని పంపాడు. ఆ కుర్రవాడు ఒక్క ఏడాది ఉన్నాడు. తల్లిదండ్రుల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదని చోళదేశానికి తిరిగి వెళ్లిపోయాడు. శాసనం రాసినవాడు దీన్ని పితృభక్తిగా మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఇంటి మీద బెంగే కనిపిస్తుంది. చిత్రమేమంటే అతని తాత, ముత్తాత ఇద్దరూ వేంగి రాజులే. సొంతగడ్డ మీద అతనికి పరాయితనం ఎలా వచ్చిందన్నదే ఇవాళ్టి విషయం.

వంద ఏళ్లు వెనక్కి వెళ్దాం. 973లో పెదకల్లు తెలుగు చోడుడు జటాచోడ భీముడు తూర్పు చాళుక్యుడైన వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపి రాజ్యం పట్టాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు ప్రాణాలు దక్కించుకుని దేశం విడిచారు. చివరికి వాళ్లు చేరింది చోళుల పంచకు. తర్వాత వచ్చిన వేంగి శాసనాలు భీముడి పేరెత్తవు. దైవం వక్రించి వేంగి 27 ఏళ్లు నాయకుడు లేక పడి ఉందని మాత్రం రాస్తాయి. గట్టిగా పాతికేళ్లు పైబడి ఏలినవాణ్ణి లెక్కలోంచే తీసిపారేశారన్నమాట!

తంజావూరులో 985లో గద్దెనెక్కిన రాజరాజ చోళుడు ఈ అన్నదమ్ములను జాలిపడి చేరదీశాడనుకుంటే మనం అమాయకులమే. భీముడు వేంగి పట్టిన 973లోనే అటు రాష్ట్రకూటులు కూలి, పడమటి చాళుక్యులు లేచారు. వాళ్ల చేయి కృష్ణా గోదావరుల మధ్య నేల మీద పడకముందే అక్కడ తన మనిషి ఉండాలని రాజరాజు కోరిక. చేతిలో ఉన్న రాజకుమారుడి హక్కు సైన్యమంత పని చేస్తుంది. 999 ప్రాంతంలో చోళసేన వేంగి మీదికి నడిచింది. శక్తివర్మ రాజయ్యాడు. భీముడు ఊరుకోక కంచి దాకా వచ్చిపడ్డాడు గాని చివరికి ఆ యుద్ధాల్లోనే పోయాడు.

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు, రాజ్యాల సంగతి తెలియాలంటే ముందు పెళ్లిళ్ల పట్టిక రాసుకోమనేవారు. రాసి చూద్దాం. రాజరాజ చోళుడు తన కూతురు కుందవను విమలాదిత్యుడికిచ్చాడు. చోళుల మీద వచ్చిన సినిమా చూసినవారికి గుర్తున్న కుందవ రాజరాజు అక్క. ఈమె ఆ మేనత్త పేరు పెట్టుకున్న పిల్ల. కుందవకు పుట్టిన కొడుక్కి తల్లివైపు తాత పేరే పెట్టారు. అతడే మన రాజరాజనరేంద్రుడు. అతనికి మేనమామ రాజేంద్ర చోళుడు కూతురు అమ్మంగను ఇచ్చాడు. వాళ్ల కొడుక్కీ తల్లివైపు తాత పేరే, రాజేంద్రుడని. అతనికీ మేనమామ కూతురే భార్య, రెండో రాజేంద్ర చోళుడి బిడ్డ మధురాంతకి. వరసగా మూడు తరాలు కోడళ్లు కావేరి తీరం నుంచే వచ్చారు. అందులో రెండు పెళ్లిళ్లు అచ్చమైన మేనరికాలు. మన ఊళ్లలో పొలం బయటికి పోకూడదని చేసే పనినే చోళులు వేంగి విషయంలో చేశారు.

ఇంటిపోరు మాత్రం తప్పలేదు. విమలాదిత్యుడి మరో భార్య కొడుకు విజయాదిత్యుడు అన్న రాజరాజనరేంద్రుడికి పక్కలో బల్లెమయ్యాడు. అన్నకు చోళుల అండ, తమ్ముడికి పడమటి (కల్యాణి) చాళుక్యుల అండ. ఒకే తండ్రి బిడ్డలు చెరో రాజు ముంగిట నిలబడ్డారు. రాజరాజనరేంద్రుడికి 1022 దాకా పట్టాభిషేకమే జరగలేదు. అదీ మేనమామ సేన వచ్చి దారి చేశాకే. తల్లి, భార్య ఇద్దరూ చోళుల ఆడపడుచులైన ఈ రాజే రాజమహేంద్రిలో కూర్చుని నన్నయ చేత భారతం తెలుగులో రాయించాడు. పాండవులు తన వంశకర్తలని అతని గర్వం. అండ ఎవరిదైనా, తన మూలపురుషులు చంద్రవంశీయులని నలుగురికీ తెలియాలన్న పట్టుదల ఇందులో ఉందని నా అభిప్రాయం.

అతని కొడుకు రాజేంద్రుడు గంగైకొండ చోళపురంలో పెరిగాడు. పసివాడి లక్షణాలు చూసి అమ్మమ్మ ఎత్తుకుని, వీడు మా వంశాన్ని నిలిపే కొడుకవుతాడని మురిసిందని తమిళకవి జయంకొండార్ కళింగత్తుప్పరణిలో చెప్పాడు. పట్టాభిషేకం తర్వాత కట్టిన కావ్యం కాబట్టి ఆ జోస్యం ఫలించడంలో వింతలేదు. నిజంగా జరిగింది వేరు. 1061లో తండ్రి పోగానే వేంగిని పినతండ్రి విజయాదిత్యుడు లాక్కున్నాడు. తర్వాత సొంత మేనమామ వీరరాజేంద్రుడే బెజవాడ దగ్గర యుద్ధం గెలిచి, మేనల్లుణ్ణి పక్కనపెట్టి ఆ పినతండ్రికే రాజ్యం అప్పగించాడు. మేనమామ ప్రేమ అంతవరకే!

1070లో వీరరాజేంద్రుడు పోయాడు. అతని కొడుకు అధిరాజేంద్రుడు కొద్దికాలానికే కన్నుమూశాడు. చోళుల మగసంతు నిలవలేదు. ఆ జూన్‌లో మేనల్లుడు రాజేంద్రుడు చోళ సింహాసనం ఎక్కాడు. నాలుగేళ్లు రాజేంద్రుడిగానే ఉండి, ఐదో ఏట కులోత్తుంగుడయ్యాడు. తెలుగువాడా, తమిళుడా అని ఇరువైపులా ఇప్పటికీ వాదించుకుంటారు. తమిళ ప్రశస్తుల్లో అతడు చోళుడు. గోదావరి తీరపు రాగిరేకుల్లో చంద్రుడి నుంచి దిగివచ్చిన చాళుక్యుడు. రెంటిలో దేన్నీ వదులుకోవలసిన అవసరం అతనికి రాలేదు.

వేంగికి మాత్రం మిగిలింది రాజప్రతినిధుల పాలన. పినతండ్రిని పోయేదాకా కదపని కులోత్తుంగుడు, తర్వాత కొడుకులను ఒకరి వెంట ఒకరిని పంపాడు: మొదట ముమ్మడి చోడుడు, ఆపైన వీరచోడుడు, చోడగంగు, చివర విక్రమచోళుడు. 1118లో తండ్రి గద్దె కోసం విక్రముడు దక్షిణానికి వెళ్లాడు. కల్యాణి దండనాయకుడు అనంతపాలుడు వేంగిలో దిగాడు. కొంతకాలానికి చందవోలు వెలనాటి చోడులు పెద్దలయ్యారు. విక్రముడు వెళ్లాక వేంగి నాయకుడు లేనిదైందని పిఠాపురంలో 1202 నాటి స్తంభ శాసనం చెబుతుంది. దాన్ని వేయించిన మల్లపదేవుడూ చాళుక్యుడే. పసితనంలోనే గద్దె పోగొట్టుకున్న బేత విజయాదిత్యుడి సంతతి అది. కావేరి తీరానికి పోకుండా ఇక్కడే ఉండిపోయిన శాఖ.