ఆస్పత్రి మారితే పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఏరియూరు చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



నేను ఎనిమిదో తరగతి వరకే చదువుకున్నవాణ్ణి. నాకు తెలిసిందంతా నూలు లెక్క, చీర లెక్క, కూలి లెక్క. నూలు ధర గురించి, రిబేటు గురించి మాట్లాడమని నన్ను పిలిచినారు. అవి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఈ రోజు ఆస్పత్రి చీటీల గురించి మాట్లాడతా. ఎందుకంటే ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను.

మా అక్కకు అరవై ఎనిమిదేండ్లు. మొన్నటిదాకా మగ్గం గుంటలో దిగి నేసిన మనిషి. ఒక పొద్దున గుంటలోంచి పైకి లేస్తా జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయినాం. ఎక్స్‌రే తీసినారు, రక్తం తీసినారు, ఈసీజీ తీసినారు, మత్తు ఇవ్వాలంటే గుండె చూడాలని ఎకో కూడా తీసినారు. పరీక్షలకే 7,200 రూపాయలు అయింది. ఆపరేషను ఖర్చు చెప్పినాక మావల్ల కాదనుకుని, మరుసటి రోజు ఇంకో ఆస్పత్రికి మార్చినాం.

అక్కడ మళ్ళీ అన్నీ మొదటి నుంచి. అదే ఎక్స్‌రే, అదే రక్తం, అదే ఎకో. ముసలి చెయ్యి, నరం దొరకదు. నాలుగు తావుల్లో గుచ్చినారు. విరిగిన కాలుతో ఎక్స్‌రే బల్ల మీదికి ఎత్తి పడుకోబెడితే మా అక్క అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇంకో 6,800 రూపాయలు. ఎకో తీసే డాక్టరు సాయంత్రం గానీ రాడన్నారు. దాంతో ఆపరేషను ఒక రోజు వెనక్కి పోయింది. ఆ రెండోసారి కట్టిన దుడ్డు మా అక్క నెల రోజులు నేస్తే వచ్చే కూలి.

నాకు కోపం వచ్చింది. డాక్టరు గారి దగ్గరికి పోయి అడిగినాను. ఆయన మంచి మనిషి, కూర్చోబెట్టి చెప్పినాడు. "అయ్యా, మీరు తెచ్చిన కాగితం చూడండి. అర పేజీ. ఎకో నార్మల్ అని ఒక మాట రాసి ఉంది. ఎవరు తీసినారో పేరు లేదు, తేదీ లేదు, సీలు లేదు. దీన్ని నమ్మి నేను మత్తు ఎట్లా ఇస్తాను? రిపోర్టు ఉంటే తీసేవాణ్ణే కాదు. ఎక్స్‌రే ఫిల్ము ఏది?"

ఫిల్ము మా అక్క ఇంట్లో ఉంది. ఇదంతా ఎందుకు మోసుకుపోవాలని నేనే గోడకు ఆనించి వచ్చినాను. మొదటి ఆస్పత్రివాళ్ళు రిపోర్టులు ఇవ్వకుండా అర చీటీ చేతిలో పెట్టి పంపడం వాళ్ళ తప్పు. అడగకుండా వచ్చింది నా తప్పు. సంఘంలో ఒక్క కట్ట నూలు బయటికి పోవాలన్నా రిజిస్టరులో రాసి సంతకం తీసుకునే మనిషిని, మా అక్క విషయంలో ఒట్టి చేతులతో పోయినాను.

అన్నలారా, రెండోసారి చేసే పరీక్షలన్నీ మోసం కాదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. షుగరు పూట పూటకీ మారుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటినిన్, పొటాషియం మారుతా ఉంటాయి. రక్తం పోయినవాళ్ళకు హిమోగ్లోబిన్ మళ్ళీ చూడాల్సిందే. గుండె నొప్పికి ఈసీజీ, ట్రోపోనిన్ కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేసేది, పెరుగుతుందా లేదా అని చూడడానికే. రక్తం ఎక్కించేటప్పుడు మీ గ్రూపు కార్డు ఉన్నా మళ్ళీ సరిచూస్తారు. అది మన ప్రాణం కోసం. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు మగత ఎక్కువైతే స్కాను మళ్ళీ తీయాలి. అట్లాంటప్పుడు వాకిట్లో నిలబడి వాదం పెట్టుకోకండి.

కానీ కొన్ని రాత్రికి రాత్రి మారేవి కావు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాలు, థైరాయిడు, స్పష్టంగా ఉన్న ఎక్స్‌రే నిన్న తీసినవే ఈ రోజూ చాలామట్టుకు పనికి వస్తాయి. మనిషి పరిస్థితి మారకపోతే ఎకో కూడా అంతే. సీటీ స్కాను అయితే దుడ్డు ఒక్కటే కాదు, ఎక్స్‌రే కిరణాలు కూడా ఉంటాయి. ఒక ఛాతీ ఎక్స్‌రేకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న బిడ్డలకు ఊరికే రెండుసార్లు తీయించకూడదు.

కాబట్టి డాక్టరును మర్యాదగా ఒక్క మాట అడగండి. "అయ్యా, ఇది నిన్ననే తీసినారు, ఇదిగో రిపోర్టు. మళ్ళీ తీస్తే వైద్యంలో ఏమైనా మారుతుందా?" మారుతుందంటే తీయించండి. ఇంట్లో తెలుగు మాట్లాడినా బయట అరవం మనకు బాగానే వచ్చు. అడగడానికి భయం దేనికి?

చట్టం కూడా మన పక్కన ఉంది. 2002లో వచ్చిన వైద్యుల ప్రవర్తన నియమాల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డు మూడేండ్లు దాచాలి. రోగి గానీ రోగి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఇది ఉంది. నోటితో అడిగితే ఇవ్వకపోతే తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

ఆస్పత్రి మారేటప్పుడు ఇవి చేతిలో ఉండాలి: డిశ్చార్జి లేదా రెఫరల్ చీటీ, తేదీ, పేరు, సంతకం ఉన్న ప్రతి రిపోర్టు, ఎక్స్‌రే ఫిల్ము, స్కాను ఫిల్ముతో పాటు సీడీ, ఇచ్చిన మందుల పట్టీ, పడని మందుల పేర్లు. ఫిల్మును ఫోనులో ఫోటో తీస్తే చాలదు, డాక్టరుకు సరిగ్గా కనపడదు. కానీ రిపోర్టు కాగితాలు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోనుల్లో పెట్టండి. 108లో పోవాల్సి వస్తే కాగితం కోసం బండి ఆపకండి. మనిషిని ముందు పంపండి, కాగితం వెనక తీసుకుపోండి.

2021 సెప్టెంబరులో కేంద్రం దేశమంతా మొదలుపెట్టిన ఆభా నంబరు ఒకటి ఉంది, 14 అంకెలు. దాంట్లో రిపోర్టులు చేర్చుకోవచ్చు. చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులకు చేసిపెట్టండి. అయితే మనం పోయే ఆస్పత్రిలో కూడా ఆ పద్ధతి ఉండాలి. అందుకని కాగితాన్ని వదలకండి.

చివరగా ఒక విన్నపం. పోయిన నెల నుంచి మా సంఘంలో కూలి పట్టీతో పాటు ఇంటికొక ప్లాస్టిక్ ఫైలు ఇస్తున్నాం. పైన ఇంటివాళ్ళ పేర్లు, రక్తం గ్రూపులు, బీమా కార్డు నంబరు రాసి ఇస్తాం. ఖర్చు పెద్దది కాదు. సమాఖ్యలోని ప్రతి సంఘం ఈ పని చేయాలని ఈ సభ ముందు కోరుతున్నా.

మా అక్క ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. గుంటలో దిగలేదు, కూర్చుని కండెలు చుడుతుంది. ఆ ఫైలు ఆమె మంచం తల దగ్గర మేకుకు వేలాడుతుంది. నన్ను చూసినప్పుడల్లా "తమ్ముడా, ఈసారి మర్చిపోవు కదా" అంటుంది.

మీరు కూడా మర్చిపోకండి. సెలవు.