చెరువు పుస్తకం మనమే రాయాలి

(ఆత్మకూరులో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఫిబ్రవరి 2న పత్రికల్లో చిత్తడి నేలల దినం అని ఒక వార్త వస్తుంది. పక్కన కొంగల ఫొటో ఉంటుంది. మనం పేజీ తిప్పేస్తాం. చిత్తడి నేలలంటే కొల్లేరు, పులికాటు. కరువు సీమకు ఆ మాటతో ఏం పని అనుకుంటాం. అక్కడే పొరపాటు పడుతున్నాం.

1971లో ఆ తేదీన ఇరాన్ దేశంలోని రామ్‌సర్ అనే ఊళ్లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందులో చిత్తడి నేల అంటే ఏమిటో రాసుకున్నారు. దేవుడిచ్చినదైనా, మనిషి కట్టుకున్నదైనా, ఏడాది పొడవునా నీళ్లున్నా, నాలుగు నెలలే ఉన్నా చిత్తడి నేలే. ఆ లెక్కన మన చెరువు, మన కుంట, మన వరిమడి, వెలుగోడు రిజర్వాయరు, శ్రీశైలం వెనుక జలాలు అన్నీ చిత్తడి నేలలే. ఎండాకాలం నెర్రెలు బారిన చెరువు కూడా చిత్తడి నేలే.

ఇప్పుడు మన దేశం సంగతి చూద్దాం. 2017లో కేంద్ర ప్రభుత్వం చిత్తడి నేలల పరిరక్షణకు నిబంధనలు తెచ్చింది. ఆక్రమించకూడదు, చెత్త పోయకూడదు, మురుగు వదలకూడదు, వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడాలు కట్టకూడదు అని అందులో ఉంది. బాగుంది. కానీ చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పిన చోట వరి పొలాలను, నదీ మార్గాలను, తాగునీటి కోసం కట్టిన చెరువులను, సాగునీటి కోసమే కట్టిన నిర్మాణాలను తీసేశారు. అంటే సీమలో మన తాతలు సాగు కోసం కట్టిన చెరువుకు ఆ రక్షణ లేదు. ఈ ఒక్క వాక్యం మన ఊళ్లలో ఎంతమంది చదివాం?

మనలో కొందరు, పోనీలే, మంచిదే అంటారు. పరిరక్షణ అంటూ బోర్డు పెడితే గొర్రెలను రానివ్వరు, ఒండ్రు తోలనివ్వరు అని భయం. ఆ భయం ఉత్తది కాదు. కొల్లేరులో 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లను యంత్రాలతో కొట్టేశారు. మ్యాపు మీద గీత గీసిన రోజున చదవకపోతే, యంత్రం వచ్చిన రోజున చదవాల్సి వస్తుంది. రక్షణ ఉన్నా, లేకపోయినా నిర్ణయం మాత్రం కాగితం మీదే జరుగుతుంది. అందుకే ఈ రోజు మనం చదవడం గురించి, రాయడం గురించి మాట్లాడుకుంటున్నాం.

మాకు జరిగిన సంగతి ఒకటి చెబుతాం. ఒక చెరువు లోతట్టులో ప్లాట్ల రాళ్లు పాతారని తెలిసి మేము కొందరం అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయాం. వానలు బాగా పడిన ఏడు నీళ్లు ఎందాకా వస్తాయో మాతో వచ్చిన ముసలి నీరుగంటి చెయ్యి చాపి చెప్పాడు. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు. విని, "ఏ సంవత్సరం, ఏ తేదీ, ఎంత మట్టం, కాగితం ఏమైనా ఉందా?" అని అడిగాడు. మా దగ్గర జ్ఞాపకం తప్ప ఇంకేమీ లేదు. అవతలివాళ్ల దగ్గర కాగితాలున్నాయి. తిరిగి వచ్చే బస్సులో ఎవ్వరం నోరెత్తలేదు.

చట్టం లేదని కాదు. చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తి అని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఇన్ని ఉన్నా రుజువు మనమే తేవాలి.

చెరువు గురించి రాయడం మనకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి ఆ శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లకు వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు రాశారు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలన్నారు, గట్టి బంకమట్టి నేల కావాలన్నారు, పని తెలిసిన జనం కావాలన్నారు. ఆరు దోషాలూ రాశారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. రెండు రాజ్యాల సరిహద్దు ఎందుకు దోషమో, కృష్ణా నీళ్ల తగువు చూస్తున్న మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అంత గొప్ప శాసనాన్ని వేయించింది మాత్రం సంస్కృతంలో. కట్టకు మట్టి మోసినవాళ్లలో దాన్ని చదవగలిగినవాళ్లు ఎందరుంటారు? ఆరున్నర శతాబ్దాల తర్వాత భాష మారిందే తప్ప పరిస్థితి మారలేదు. మన పక్కనే ఉన్న రోళ్లపాడు చూడండి. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు అక్కడ బట్టమేక పిట్ట మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 1988లో అది అభయారణ్యమైంది. ఆ పరిశోధన వ్యాసాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పిట్టను రోజూ చూసిన గొర్రెల కాపరి చేతికి అవి రాలేదు. ఇప్పుడు ఆ పిట్ట కనబడటమే గగనం. శాస్త్రవేత్తలను తప్పుపట్టడం లేదు. వాళ్లు రాసింది మన దాకా రాలేదు, మనం చూసింది వాళ్ల దాకా పోలేదు అంటున్నాం.

చదివితే ఏం లాభం? రెండు ముక్కలు చెబుతాం. మనం చల్లిన యూరియాలో కొంత వంకల వెంట చెరువుకు చేరుతుంది. చెరువు అడుగు బురదలో గాలి ఆడని చోట బతికే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. భాస్వరం ఒండ్రుకు అంటుకుని ఉండిపోతుంది. అందుకే ఒండ్రు తోలిన చేను పచ్చగా ఉంటుంది. మరి ఊరి మురుగు, మందు డబ్బాలు కడిగిన నీళ్లు చేరితే ఆ విషం కూడా అదే ఒండ్రులో చేరుతుంది. ఇక రెండోది. తుంగ, జమ్ము ఉన్న లోతు తక్కువ అంచుల్లో చేపపిల్లలు, కప్పలు పెరుగుతాయి. ఆ కప్పలు, ఆ కొంగలు మన పైరు మీది పురుగును తింటాయి. కాంట్రాక్టరు మట్టి కోసం చెరువంతా నిలువు గోతులు తీస్తే ఆ అంచులు పోతాయి. కట్ట మొదట్లో తీస్తే కట్టకే ముప్పు. పూడిక తీయవద్దని కాదు. ఎక్కడ, ఎంత లోతు తీయాలో ఆయకట్టు రైతులే తేల్చాలి.

ఇక రాయడం. ప్రతి చెరువుకూ ఒక నోటు పుస్తకం పెడదాం. తొలి నీళ్లు వచ్చిన తేదీ, మరవ పారిన తేదీ రాయాలి. తూము రాతి మీద అడుగుల గుర్తులు వేసి వారం వారం మట్టం రాయాలి. నెల మొదటి రోజున ఆయకట్టులో రెండు బావుల నీటి లోతు తాడు వేసి కొలవాలి. వాన కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. పక్కలు నిలువుగా ఉన్న డబ్బా, ఒక స్కేలు చాలు. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద సుమారు 40 వేల లీటర్లు పడినట్టు. ఎన్ని బండ్ల ఒండ్రు తోలారు, ఏ పిట్టలు దిగాయి, చేపలు ఎప్పుడు చచ్చి తేలాయి, అదీ రాయాలి. ప్రతి పేజీ కింద తేదీ, ఇద్దరి సంతకాలు ఉండాలి. రాసే పని బడికి పోయే పిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది. చూసి చెప్పే పని నీరుగంటిది, చేపలు పట్టేవాళ్లది, గొర్రెల కాపర్లది. వాళ్లకంటే చెరువు తెలిసినవాళ్లు లేరు.

రాసింది పెట్టెలో పెడితే చెదలు తింటాయి. మన పత్రికలో ప్రతి నెలా ఒక పేజీ చెరువులకు ఇవ్వాలని సంఘాన్ని కోరుతున్నాం. ఒక కాపీ నీటి వినియోగదారుల సంఘానికి, ఒక కాపీ పంచాయతీకి ఇచ్చి రసీదు తీసుకుందాం. చిత్తడి నేలల మీద ప్రభుత్వం ముసాయిదా ఏది వేసినా తెలుగులో అచ్చువేసి, గ్రామసభలో చదివి, అభ్యంతరం ఉంటే గడువు లోపల రాతపూర్వకంగా పంపుదాం.

ఈ జూన్‌లో తొలకరికి ముందే పుస్తకాలు కొందాం. మళ్లీ అర్జీ పట్టుకుని పోయినప్పుడు "కాగితం ఉందా?" అని అడిగితే, తేదీలతో, సంతకాలతో బల్ల మీద పెట్టేలా ఉండాలి. ఈ సమావేశం నుంచి వెళ్లేలోగా ఏ చెరువు పుస్తకం ఎవరి బాధ్యతో పేర్లు రాయించి పోండి.