తాతగారి గడియారానికి పడిన బీట



వలస వచ్చిన మన పెద్దల వెంట పొలమూ పుట్రా రాలేదు. పెట్టెలో పట్టినవే వచ్చాయి. రైల్వేలో కొలువు చేసినవారి ఇండ్లలో అటువంటి వస్తువు తరచు జేబు గడియారమే. చాలావాటి ముఖంమీద వెంట్రుకవంటి నల్లని బీట ఒకటి ఉంటుంది. అది చూచి కొత్త ముఖం వేయించబోయేవారికి మా మనవి ఒకటున్నది: తొందరపడకండి.

ఆ తెల్లదనం కాగితమూ కాదు, రంగూ కాదు. పలుచని రాగిరేకుకు రెండువైపులా గాజుపొడి పరచి, సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగించిన ఎనామెలు పూత. అందుచేతనే నూరేండ్లయినా వన్నె తగ్గదు. అందుచేతనే కిందపడితే పగులుతుంది. పగులు నిజానికి నల్లనిది కాదు. అందులో చేరిన మురికీ నూనే మనకు కనబడేది.

ముందు ముళ్లు తీయాలి. ముఖం వెనుక రాగి కాళ్లు యంత్రంలో దిగి ఉంటాయి. వాటిని పట్టుకొన్న మరలు వదులు చేయకుండా లాగితే ఉన్న బీట పెద్దదవుతుంది. ఇంతవరకు గడియారాల పనివారి చేత చేయించడమే మేలు. తరువాత గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, మెత్తని కుంచెతో మెల్లగా రాయాలి. మరిగే నీళ్లు వద్దు. ఇత్తడి చెంబులు తోమే చింతపండు దీని దరికి రానీయరాదు. పులుపు పూతనూ, లోపలి రాగినీ తింటుంది. అంకెలమీద గోధుమరంగుకు తిరిగిన పాత మెరుపుపూత ఉంటే అది రేడియం కావచ్చు. దానిని గీకరాదు, కడగరాదు, అసలు తెరవరాదు.

ఇక మేము చేసిన తప్పు చెప్పుకొంటాం. అంకెలు కొలిమిలో కాలినవి, చెదరవు. దుకాణం పేరు మాత్రం కొన్నిటిమీద కాల్చకుండా పైన వ్రాసి ఉంటుంది. మా గడియారంమీద ఆ పేరు ఒక్క తుడుపుకు పోయింది. తాతగారు దానిని ఏ ఊళ్లో కొన్నారో చెప్పే ఆధారం అదొక్కటే! ఫొటో అయినా తీసుకోలేదు. మీరు ముందు ఫొటో తీయండి. పేరున్న చోట తడి తగలనీయకండి.

పెచ్చు కదులుతున్న చోట, పూర్తిగా ఆరిన తరువాత, పారలాయిడ్ బి-72 అనే రెసిన్ను అసిటోనులో పలుచగా కరగించి, కుంచె మొనతో ఒక్క బొట్టు తాకించాలి. బీట దానంతటదే పీల్చుకొంటుంది. మ్యూజియంలవారు వాడేది ఇదే. కావాలంటే మళ్లీ అసిటోనుతో కరగి వస్తుంది. క్షణంలో అంటుకొనే అంగడి జిగురు వాడితే చుట్టూ తెల్లని పొగ పట్టినట్లవుతుంది. ఊడిన పెచ్చులుంటే పారవేయక పొట్లం కట్టి ఉంచండి.

మా గడియారం ఈ మేజాబల్లమీదనే ఉంది. సభ ముగిసిన తరువాత చూడవచ్చు. బీట ఇప్పుడు ఏటవాలుగా పట్టుకొంటేనే కనబడుతుంది. పేరున్న చోట ఖాళీ.