ఊకొట్టు యంత్రము

కథ చెప్పువారికి ‘ఊ’ కొట్టువారుండవలెను. ఊ ఆగినచో బిడ్డ నిద్రించెనని అమ్మమ్మ గ్రహించును.

ఈ ఊకొట్టు పనిని కంప్యూటరునకు నేర్పిన తొలివారిలో నొకడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్. 1966లో ఆయన ప్రకటించిన ‘ఎలైజా’, మనము టైపు చేసిన మాటలనే త్రిప్పి ప్రశ్నగా నడిగెడిది. తల్లిని గూర్చి చెప్పినచో, కుటుంబమును గూర్చి యింకను చెప్పుమనెడిది. అంతే దాని విద్య! అయినను, అది తయారగుట కనులార చూచిన ఆయన కార్యదర్శినియే దానితో మాటలాడుచు, ఆయనను గది వెలుపలికి పొమ్మని కోరినది. ఆయన కలవరపడెను. 1976లో ఒక గ్రంథమే వ్రాసి, యంత్రములకు అప్పగింపరాని పనులు కొన్ని కలవని వాదించెను.

2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ అంతకు ఎన్నో రెట్లు నేర్పరి. అపారమైన గ్రంథరాశినుండి నేర్చి, తరువాతి పదమేదో లెక్కగట్టి, తెలుగులో సైతము కథ లల్లును. వేళగాని వేళ పలుకరించినను విసుగుకొనదు. ఒంటరివారికది ఊరటయే, కాదనను.

అయితే, పిల్లవాడు ఊకొట్టుట మాని, ‘రాజు అట్లేల చేసెను?’ అని అడ్డుపడినప్పుడే అమ్మమ్మ కథ క్రొత్త దారి పట్టును. (మైకు ముందు మాటలాడు మాకు ఆ అడ్డుపాటు లభింపదు, అందుచే దాని విలువ యెరుగుదుము.) యంత్రము తరచుగా మన మాటకు వంతపాడును. అమ్మమ్మ యొక గదిలోను, మనుమడు మరియొక గదిలోను దానితోనే ముచ్చటించుచున్నచో, ఆమె యెరిగిన కథలు అడుగువాడు లేక ఆమెయొద్దనే నిలిచిపోవును.