వదిలేసిన ఆటే ఎదురొచ్చి ఓడించింది



2019 సెప్టెంబర్ 14, అట్లాంటా. మనవాళ్లు ఎంఎస్ కోసం కలలు కనే జార్జియా టెక్ ఉంది కదా, దాని ఫుట్‌బాల్ స్టేడియం. ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ రోజు ఎదురుగా సిటడెల్ అనే చిన్న మిలిటరీ కాలేజీ టీమ్. డివిజన్ కూడా ఒక మెట్టు కింద. రంజీ టీమ్ మీదకి జిల్లా టీమ్ వచ్చినట్టు అనుకోండి. ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 27-24తో సిటడెల్ గెలిచింది.

అసలు కడుపుమంట ఏంటంటే, సిటడెల్ ఆడింది ట్రిపుల్ ఆప్షన్. ముందు సీజన్ దాకా జార్జియా టెక్ ఆడింది కూడా అదే! కొత్త కోచ్ వచ్చి దాన్ని తీసేశాడు. ఇది ఆయన మూడో మ్యాచ్.

ట్రిపుల్ ఆప్షన్ అంటే సింపుల్‌గా చెప్తాను. బాల్ ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎదుటి టీమ్‌లో ఒకడిని కావాలనే ఎవరూ అడ్డుకోరు. వాడు మధ్యలో పరిగెత్తేవాడి మీదకి వెళ్తే, క్వార్టర్‌బ్యాక్ బాల్ ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుని పక్కకి పరిగెత్తుతాడు. వెళ్లకపోతే మధ్యవాడికే ఇచ్చేస్తాడు. పక్కకి వెళ్లాక ఇంకొకడు మీదకొస్తే, వెంట వస్తున్న తనవాడికి విసిరేస్తాడు. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. పాసింగ్ చాలా తక్కువ. చూడ్డానికి పాతకాలం ఆటలాగే ఉంటుంది, అది నిజమే.

పాల్ జాన్సన్ అనే కోచ్ 2008 నుంచి 2018 వరకు, 11 సీజన్లు, దీన్నే ఆడించాడు. వాటిలో 9 సీజన్లు టీమ్ బౌల్ గేమ్‌కి వెళ్లింది. అంటే సీజన్ చివర్లో బాగా ఆడిన టీమ్స్‌కి దొరికే మ్యాచ్. 2014 సీజన్‌లో 11 గెలిచి, ఆరెంజ్ బౌల్‌లో మిసిసిపీ స్టేట్‌ని 49-34తో కొట్టారు. అన్నీ మంచి రోజులే అనను. 2015లో 3 గెలిచి 9 ఓడారు, అదీ ఇదే ఆటతోనే.

మరి ఈ ఆటే ఎందుకు? ఇక్కడ కొంచెం ఆగుదాం. జార్జియా టెక్‌లో ఫుట్‌బాల్ ప్లేయర్ అయినా కాలిక్యులస్ తప్పదు. అదే రాష్ట్రంలో జార్జియా, పక్క రాష్ట్రాల్లో అలబామా, క్లెమ్సన్ ఉన్నాయి. టాప్ కుర్రాళ్లు అటే పోతారు. మిగిలినవాళ్లతో అందరూ ఆడే ఆటే ఆడితే గెలవడం కష్టం. ఎవరూ ఆడనిది ఆడితే? ఎదుటి టీమ్‌కి ప్రిపేర్ అవ్వడానికి ఉండేది ఒక్క వారం. క్రికెట్‌లో మిస్టరీ స్పిన్నర్ ఉంటాడు చూడండి, నెట్స్‌లో అలాంటి బౌలర్ దొరకడు, సరాసరి మ్యాచ్‌లోనే తగులుతాడు. అదీ లెక్క. జార్జియాని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 2008, 2014, 2016ల్లో మూడుసార్లు ఓడించారు.

2018 తర్వాత జాన్సన్ తనే తప్పుకున్నాడు. జెఫ్ కాలిన్స్ వచ్చాడు. ఎనర్జీ ఎక్కువ, బ్రాండింగ్ ఎక్కువ. అట్లాంటా ఏరియా కోడ్ 404ని టీమ్ స్లోగన్ చేశాడు. మోడర్న్ అఫెన్స్ అన్నాడు. పాత ఆటలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లే రిసీవర్లు తయారవ్వరని బయట ఎప్పట్నుంచో ఒక మాట ఉంది. కానీ ఇదే టీమ్ నుంచి డెమేరియస్ థామస్ 2010లో ఫస్ట్ రౌండ్‌లోనే వెళ్లాడుగా?

నా మొదటి జాబ్‌లో ఇలాగే జరిగింది, పేరు చెప్పను. కొత్త మేనేజర్ వచ్చిన నెలకే పాత కోడ్ మొత్తం పక్కన పెట్టి మొదట్నుంచి రాయించాడు. పాత కోడ్‌లో పిచ్చిగా కనిపించిన ప్రతి ఇఫ్ కండిషన్ వెనకా ఒక కస్టమర్ సమస్య ఉందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. నైట్ షిఫ్టులు మాత్రం మేము చేశాం.

టెక్‌లోనూ భారం మోసింది కుర్రాళ్లే. ఆప్షన్ కోసం తీసుకున్న లైన్‌మెన్‌కి ముందుకి దూకి అడ్డుకోవడం అలవాటు. ఇప్పుడు వెనక్కి జరుగుతూ క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడమన్నారు. పరిగెత్తడానికి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని పాసులు వెయ్యమన్నారు. 2019లో చివరి ఏడాది ఉన్నవాళ్లకి కాలేజీ ఆట అక్కడితో అయిపోయింది. కోచ్‌కి మాత్రం ఏడేళ్ల కాంట్రాక్ట్.

2019లో 3 గెలుపులు, 2020లో 3, 2021లో మళ్లీ 3. అంటే మొదటి బ్యాచ్ వెళ్లిపోయాక కూడా అదే కథ, కాబట్టి ప్లేయర్లు సరిపోలేదని ఎంతకాలం అంటాం? 2021 చివరి రెండు మ్యాచ్‌లు నోటర్ డేమ్‌తో 55-0, జార్జియాతో 45-0. రెండిట్లోనూ సున్నా! 2022 సెప్టెంబర్‌లో కాలిన్స్‌ని తీసేశారు.

ఆప్షన్ తీసెయ్యడమే తప్పు అని నేను అనట్లేదు. తర్వాత వచ్చిన బ్రెంట్ కీ కూడా దాన్ని తిరిగి తేలేదు. కానీ కీ అదే కాలేజీలో లైన్‌మన్‌గా ఆడినవాడు, అక్కడ ఏది దొరుకుతుందో ఏది దొరకదో ఒళ్లు తెలిసినవాడు. కాలిన్స్ ఆప్షన్‌ని తీసేశాడు సరే, అది తీరుస్తున్న సమస్యకి వేరే జవాబు తేలేదు. కాలిక్యులస్ అక్కడే ఉంది, పక్కన అలబామా అక్కడే ఉంది.

2023, కీ మొదటి ఫుల్ సీజన్. 7 గెలిచి 6 ఓడారు. జాన్సన్ చివరి సీజన్ 2018 రికార్డు ఎంతో తెలుసా? అదీ 7-6.

అట్లాంటాలో ఉన్నవాళ్లు, ఆ సిటడెల్ మ్యాచ్‌కి ఎవరైనా వెళ్లారా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో నెబ్రాస్కా కథ, అది ఇంకా పెద్దది. బై.